మన మేకే!

నిన్న జమ్మలమడుగులో మా ఆరేళ్ల మనవరాలితో బొమ్మల పుస్తకం తెరిచాను. పేజీకో జంతువు, కింద ఒకే మాట. 'మేక' మీద వేలు పెట్టి, "జేజీ, ఇది మన మేకే!" అంది. ఎరిగిన మేక కాబట్టి అక్షరాలూ చుట్టాలయ్యాయి. 'ఏనుగు' దగ్గర ఆగి, బొమ్మ చూసి ఊహించింది. ఊహించనిచ్చాను. అదీ చదువే, తొందరపెట్టి దిద్దకూడదు.

మేకకూ ఏనుగుకూ ఉన్నట్టే, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనబడిన కలివికోడి అనే పిట్టకూ అలాంటి పుస్తకంలో ఒక పేజీ ఉండాలని నా కోరిక.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రొద్దుటూరైనా, పులివెందులైనా, ఈ సాయంత్రం మీ ఇంటి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్క పుస్తకం తెరవండి.