నిరాకరణకు చోటు: ఏకపక్ష ప్రేమగీతాలలో ఔచిత్యం

నాయికానాయకులలో ఒకరియందే నిలిచిన రతిని ‘అనుభయనిష్ఠం’ అని పేర్కొని, విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దానిని రసాభాసంగా నిరూపించాడు. ఈ ఆభాసానికి మూలం అనౌచిత్యం. అయినా అది ఆస్వాదయోగ్యమే కనుక దానికి రసవ్యవహారాన్ని నిరాకరించలేదు. అంటే ఒక రచన హృద్యంగా ఉండటమూ ఉచితంగా ఉండటమూ వేర్వేరు. ప్రతిస్పందన దొరకని ప్రేమను పాటగా మలచడంలోని నైతికతను పరిశీలించడానికి ఈ విభజన ఉపకరిస్తుంది.

ఎరిక్ క్లాప్టన్ తన మిత్రుడు జార్జ్ హారిసన్ భార్య ప్యాటీ బాయ్డ్‌ను ప్రేమించి ‘లైలా’ రాక్ గీతాన్ని రచించాడు. జిమ్ గోర్డన్ సహరచయిత. 1970లో ‘డెరెక్ అండ్ ద డామినోస్’ బృందం దానిని మయామీలో రికార్డు చేసింది. పేరు 12వ శతాబ్దపు పారశీక కవి నిజామీ కావ్యంలోనిది. 1949 నాటి భరణీ వారి ‘లైలా మజ్ను’తో తెలుగువారికీ పరిచితం. కానీ నిజామీ లైలా మజ్నూను ప్రేమించింది. అక్కడి రతి ఉభయనిష్ఠం. ఆ పేరుతో పిలవడంలోనే బాయ్డ్ అప్పటికి ఇవ్వని అంగీకారాన్ని పాట ఆమెకు ఆపాదించింది. పాట తొలిసారి విన్నప్పుడు అది తన గురించేనని అందరూ గుర్తిస్తారని భయపడినట్లు ఆమె 2007 నాటి ఆత్మకథలో చెప్పింది. ఆ ఆవేశం తనను కదిలించిందనీ అంగీకరించింది.

సుకుమార్ దర్శకత్వంలో వచ్చిన ‘ఆర్య’ (2004)లో చంద్రబోస్ రచించగా దేవిశ్రీప్రసాద్ స్వరపరచిన ‘ఫీల్ మై లవ్’ ఇందుకు భిన్నమైనది. అది ప్రతిప్రేమను షరతుగా పెట్టదు. ఆ మేరకు నిష్కామమని సమర్థించవచ్చు. అయితే నాయిక కోపాన్నీ ద్వేషాన్నీ సైతం తన ప్రేమను అనుభవించే మార్గాలుగానే లెక్కిస్తుంది. ఏ స్పందనైనా ప్రేమానుభూతిగానే జమ అయినప్పుడు నిరాకరించడానికి ఆమెకు మాట మిగలదు. ప్రతిఫలాన్ని వదులుకోవడం వేరు, నిరాకరణను వినకపోవడం వేరు.

1979లో బాయ్డ్ క్లాప్టన్‌ను వివాహమాడింది. చిత్రాంతంలో గీత ఆర్యను వరించింది. కాబట్టి అనౌచిత్యం తొలగిందనే వాదం రావచ్చు. అది నిలవదు. తరువాతి అంగీకారం తరువాతి కాలానికే చెందుతుంది. పాట పుట్టిన క్షణంలో అది లేదు. పైగా పాట కథను విడిచి ప్రయాణిస్తుంది. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం ‘చిత్రలహరి’ని ప్రసారం చేసిన నాటి నుంచీ పాటను కథతో పనిలేకుండా చూడటం తెలుగు ప్రేక్షకులకు అలవాటే. కథాంతంలోని సమ్మతి ఆ ప్రేక్షకుడికి చేరదు; చేరేది అభ్యర్థన ఒక్కటే.

అందువల్ల ఏకపక్ష ప్రేమను పాడటమే దోషం కాదు. తన వేదనను తనదిగా చెప్పుకొనే హక్కు ప్రేమికుడికి ఉంది. ఎదుటివారి పక్షాన కూడా తానే పలికినప్పుడు అనౌచిత్యం ఆరంభమవుతుంది. ‘కాదు’ అనే మాటకు పాట ఎంత చోటిచ్చిందన్నదే దాని ఔచిత్యానికి కొలమానం.