ముందు అప్పము, తరువాత మాట

ధ్యాన భాగము: రాజులు మొదటి గ్రంథము 19:1–18



గత వర్షకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఒక తల్లి తన ఎనిమిదేండ్ల కుమారుని రెక్క పట్టుకొని నాయొద్దకు వచ్చెను. “అయ్యగారూ, వీనికి ఏదో పట్టింది, ప్రార్థన చెయ్యుండ్రి. ఒక్క దగ్గర కూసోడు, చెప్పింది చెవిన పెట్టడు. కొట్టీ కొట్టీ నా చేతులే నొస్తున్నయి” అని కన్నీరు విడిచెను. ఆమె మాట వినుచుండగా నా మనస్సాక్షి నన్ను గద్దించెను. ఏలయనగా, రెండు వారముల క్రిందట ఆ పిల్లవానినే సండే స్కూలులో అందరి యెదుట మోకాళ్లమీద నిలువబెట్టినవాడను నేనే.

ఆ దినముననే మరియొక బిడ్డను చూచితిని. పదేండ్ల పిల్ల. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు వాగు పొంగి మన మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచిన సంగతి మీరెరుగుదురు. ఆ వరదను కన్నులార చూచిన బిడ్డలలో ఈ పిల్ల ఒకతె. నేటికిని మబ్బు పట్టినయెడల కడుపునొప్పి అనును, బడికి పోనని తల్లి కొంగు పట్టుకొనును. ఇంటివారు “దొంగ నొప్పి” అందురు.

ఒకడు కూర్చుండలేడు, ఒకతె కదలలేదు. వానికి మనము “అల్లరి” అనియు, ఆమెకు “పిరికి” అనియు పేరు పెట్టితిమి. పేరు పెట్టుట సులభము. బిడ్డ లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట కష్టము.

1902లో లండను నగరములో జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు తోటి వైద్యుల యెదుట ఉపన్యాసములిచ్చి, బుద్ధికి లోపము లేకయే తమ్మును తాము అదుపు చేసికొనలేని పిల్లలు కలరని వివరించెను. నేడు వైద్యులు దానిని ఎ.డి.హెచ్.డి. అని పిలుచుచున్నారు. అది దయ్యము కాదు, తల్లి పెంపకపు దోషమును కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. తరచుగా అది వంశములో వచ్చును. అట్లే ఆందోళనపడు బిడ్డ కడుపునొప్పి దొంగ నొప్పి కాదు. భయము దేహములో నిజముగా నొప్పి పుట్టించును. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమువలన ఇట్లాయెనని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపము గాని తలిదండ్రుల పాపము గాని కారణము కాదని ప్రభువు తేల్చి చెప్పెను (యోహాను 9:1–3). మనమును ఆ ప్రశ్న మానుకొందము.

ఇప్పుడు ఏలీయాను చూడుడి. కర్మెలు కొండమీద నిన్న సింహమువలె నిలిచినవాడు, యెజెబెలు పంపిన ఒక్క మాటకు అరణ్యములోనికి పారిపోయెను. చెట్టు క్రింద పడి, ఇక చావే మేలనెను. దేవుడు వానియెడల ఏమి చేసెను? ఆయన చేసిన వరుసను గమనించుడి. అందులో మన ఇండ్లకు పాఠమున్నది.

మొదటిది, దేవుడు వానిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత వానిని తట్టి లేపి, కాల్చిన అప్పమును నీళ్లును ముందు పెట్టెను. వాడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చెను గాని విసుగుకొనలేదు. ఆకలితోను నిద్రలేమితోను ఉన్న బిడ్డకు బోధ ఎక్కదు. ఆరు మొదలు పన్నెండేండ్ల పిల్లలకు రాత్రి 9 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. కనుక అన్నమునకు ఒక వేళ, పడుకొనుటకు ఒక వేళ నియమించుడి. పడుకొనుటకు గంట ముందే ఫోను పెద్దల చేతికి రావలెను. ముందు పెద్దలు తమ ఫోను ప్రక్కన పెట్టవలెను.

రెండవది, దేవుడు అడిగెను, ఆలకించెను. ఏలీయా ఒకే మాటను రెండుమారులు చెప్పుకొనెను. దేవుడు రెండుమారులును వినెను. బిడ్డ మబ్బును చూచి వణకునప్పుడు “ఏం కాదు, ఊరుకో” అనుటకంటె, “వాగు గుర్తొచ్చిందా బిడ్డా? భయమైతుందా?” అని అడుగుడి. భయమునకు పేరు దొరికిన వెంటనే అది కొంత చిన్నదగును. తరువాత వేడి గంజిని ఊది చల్లార్చినట్లు, మెల్లగా ఊపిరి విడువ నేర్పుడి. మీరును బిడ్డతో కూడ ఊదుడి.

మూడవది, గాలిలో గాని భూకంపములో గాని అగ్నిలో గాని కాక, మెల్లని స్వరములో దేవుడు మాటలాడెను. మన ఇండ్లలో బిడ్డలతో మాటలాడునది తరచుగా సుడిగాలియే. “పుస్తకాలు సదురుకో, కాళ్లు కడుక్కో, మేకను కట్టెయ్యి, వచ్చి అన్నం తిను” అని నాలుగు పనులు ఒక్క కేకలో చెప్పుదుము. చంచలమైన మనస్సుగల బిడ్డకు మొదటిది వినబడును, తక్కినవి గాలిలో పోవును. దగ్గరకు పోయి, భుజముమీద చేయి వేసి, ఒక్క పని చెప్పుడి. అది అయినవెంటనే “మంచిగ చేసినవ్” అనుడి, రేపటికి దాచవద్దు. ఉదయము చేయవలసిన నాలుగు పనులను బొగ్గుతోనో సుద్దతోనో గోడమీద బొమ్మలుగా వ్రాయుడి. పళ్లపుల్ల, చెంబు, కంచము, సంచి. అప్పుడు మీ కేకకు బదులుగా గోడయే చెప్పును. ఆట మాన్పించుటకు ముందు “ఇంకా కొంచెం సేపే” అని ఒకమారు హెచ్చరించుడి.

నాలుగవది, దేవుడు వానిని గుహలో ఉంచలేదు. దారి చూపి, పనులు అప్పగించి, ఎలీషాను తోడిచ్చి పంపెను. భయపడు బిడ్డను ఇంట దాచినయెడల భయము పెరుగును. ఒక్కసారిగా నెట్టినయెడల బిడ్డ విరుగును. మొదట బడి గేటు వరకు, తరువాత తరగతి గుమ్మము వరకు, పిమ్మట తోటి పిల్లతో కలిసి లోపలికి. కుదురులేని బిడ్డకు చేతి పని ఇయ్యుడి, నీళ్లు తెమ్మనుడి, పరుగెత్తి ఆడుకొననియ్యుడి.

“బెత్తము వాడుమని సామెతలలో లేదా?” అని కొందరడుగుదురు. దావీదు కాపరి, ఆయన తన కీర్తనలో కాపరి దుడ్డుకఱ్ఱ గొఱ్ఱెకు ఆదరణ అనెను (కీర్తన 23). మన పొలాల వెంట మందను తోలు గొల్లన్నను చూడుడి. కఱ్ఱ అడ్డము పెట్టి గొఱ్ఱెను దారికి త్రిప్పును. దానితో బాదుచున్నయెడల మంద ఆయన వెంట నడచునా? బిడ్డలకు కోపము రేపవద్దని అపొస్తలుడు తండ్రులనే హెచ్చరించెను (ఎఫెసీయులకు 6:4). ఇక బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించుచున్నది. చట్టము బడికి చెప్పినదానిని సంఘము తన సండే స్కూలుకు చెప్పుకొనవద్దా?

ప్రార్థించుడి, వైద్యుని కూడ చూడుడి. దేవుడు ఏలీయాకు దర్శనమునకు ముందు అప్పము పంపెను గదా! 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును ప్రభుత్వ బడులకును వచ్చి పిల్లలను పరీక్షించును. వారు వచ్చినప్పుడు మీ బిడ్డ సంగతి దాచక చెప్పుడి. 2022లో ఆరంభమైన టెలి మానస్ అను సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. వైద్యుడు మందు వ్రాసినయెడల సిగ్గుపడవద్దు, మీ యంతట మీరు మానవద్దు. తాయెత్తు కట్టువానికిని, దయ్యము పేరిట బిడ్డను కొట్టువానికిని మీ బిడ్డను అప్పగింపవద్దు. అట్టివాడు బైబిలు చేతపట్టి వచ్చినను సరే.

మరుసటి ఆదివారము నేను ఆ పిల్లవాని యొద్దకు పోయి, “బిడ్డా, నిన్ను మోకాళ్ల మీద నిలబెట్టుట నాది తప్పు” అని చెప్పితిని. వాడు ఆశ్చర్యముగా చూచి, “మళ్ల నిలబెట్టవు గదా అయ్యగారూ?” అనెను. ఆ ప్రశ్న నన్ను ఇంకను విడువలేదు. ఇప్పుడు పాటల పుస్తకములు పంచుటయు, ఆరాధన తరువాత చాపలు చుట్టుటయు వాని పని. ప్రసంగము సగమైనప్పుడు బయటికి పోయి, వేపచెట్టు చుట్టూ తిరిగి వచ్చుటకు వానికి సెలవు కలదు. వాడు పూర్తిగా కుదురుకొనెనని చెప్పను. నా ప్రసంగమంతయు కదలక కూర్చుండి వినువారు పెద్దలలో మాత్రము ఎందరు? ఆ పిల్లయును ఇంకను మబ్బుకు భయపడుచున్నది. అయినను ఈ మధ్య ఒక చినుకుల దినమున స్నేహితురాలి చేయి పట్టుకొని బడికి పోయెను. తల్లి ఆ వార్తను పండుగవలె వచ్చి చెప్పెను.

ప్రియులారా, ఈ వారము మీ యింట ఒక్క సాయంకాలమైనను ఈ వరుసను అనుసరించి చూడుడి. ముందు అప్పము, తరువాత ఆలకించుట, తరువాత మెల్లని మాట, ఆ తరువాతనే పని.

ప్రార్థన: చెట్టు క్రింద పడియున్నవానిని తట్టి లేపిన తండ్రీ, మా బిడ్డలను మేము తొందరపడి గద్దించిన దినములను క్షమించుము. కేకలు వేయు మా నోళ్లకు మెల్లని స్వరము నిమ్ము. కూర్చుండలేని బిడ్డకును, కదలలేని బిడ్డకును నీ సన్నిధిలో చోటున్నదని మా సంఘము చూపునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.