అడవికి అతిథిగా

సెలవు దినములు రాగానే ఖమ్మము, కొత్తగూడెము పట్టణములనుండి జనులు కుటుంబసమేతముగా కిన్నెరసానికి బయలుదేరుదురు. పాల్వంచ సమీపమున నిర్మింపబడిన జలాశయము, చుట్టునున్న దట్టమైన అడవి, జింకల వనము, పడవ విహారము వారిని ఆకర్షించుచున్నవి. మరికొందరు భద్రాచలము దాటి పాపికొండల నడుమ గోదావరిని దర్శింపబోవుదురు. ఒకప్పుడు కొల్లూరు ఇసుక తిన్నెలపై వెదురు గుడిసెలలో రాత్రి గడిపినవారు ఆ వెన్నెలను నేటికిని తలచుకొందురు. ఇట్లు వినోదమునకై అడవికి పోవుట ధర్మమేనా యని అడిగినచో కొందరికి వింతగా తోచవచ్చును. కాని అది ఆలోచింపదగిన ప్రశ్నయే.

ఆనందము దోషము కాదు. అక్కమహాదేవి శ్రీశైలపు అడవులలో చెట్టును, పక్షిని పలుకరించుచు చెన్నమల్లికార్జునుని వెదకినదని పెద్దలు చెప్పుదురు. అడవిని తనదిగా చేసికొనవలెనను తలంపు ఆమెకు లేదు. దోషమంతయు ఆ తలంపులోనే యున్నది.

“రుసుము చెల్లించితిమి గదా, మా ఇష్టము” అని కొందరందురు. చుట్టము దారి ఖర్చు తానే పెట్టుకొన్నంతమాత్రమున ఇంటి యజమాని కాజాలడు. కిన్నెరసాని 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. సుమారు 635 చదరపు కిలోమీటర్ల ఆ అడవి దుప్పులకు, ఎలుగులకు, జలాశయములోని మొసళ్లకు ఇల్లు. అభయారణ్యమను పేరు రాకమునుపే అది కోయల ఇల్లు. వేసవిలో వారు ఇప్పపూవు ఏరుకొందురు. తునికాకు కోసి, కట్టలు కట్టి కూలి సంపాదింతురు. ఆకు రాలి నేల యెండిన ఆ దినములలోనే యాత్రికుడొకడు వంట చేసికొని నిప్పు ఆర్పక పోయెననుకొందము. అతడు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరును. కాలిన అడవి నష్టము మాత్రము ఆ పల్లెవారిదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అభయారణ్యమున నిప్పు పెట్టుటను, జంతువులను బాధించుటను, చెత్త వేయుటను నిషేధించినది. అయినను ప్రతి చెట్టు క్రింద కావలివాడు ఉండజాలడు. చట్టము కన్ను చేరని చోట మనస్సాక్షియే కావలి.

చేపల వేట సంగతి ఇంకను సూక్ష్మమైనది. మాంసము ముట్టని ఇండ్లలో పుట్టినవారిలో కొందరికి వలవేయువానిని చులకనగా చూచు అలవాటు గలదు. అది తగదు. వల లాగి బిడ్డలకు అన్నము పెట్టువాడు బ్రతుకు తెరువునకై శ్రమించుచున్నాడు. కాలక్షేపమునకు గాలము వేసి, చేప గిలగిల కొట్టుకొనగా చప్పట్లు కొట్టువానికి ఆ ఆకలి లేదు. ఒక ప్రాణి బాధ అతనికి వినోదమైనది. దయను ధర్మమునకు మూలముగా బోధించిన బసవేశ్వరుని అనుసరించువారు దీనిని స్వల్పమని త్రోసివేయరాదు.

అంతటితో శాకాహారి నిర్దోషి యగునా? అతడు పులిహోర తిని పారవైచిన ప్లాస్టిక్ సంచిని ఉప్పు రుచికి ఆశపడి దుప్పి మ్రింగి చచ్చినచో ఆ హింస ఎవరిది? చేత కత్తి లేదు, గాలము లేదు. అయినను ప్రాణము పోయినది. తినునది మాత్రమే కాదు, విడిచి వచ్చునది కూడ అహింసకు పరీక్షయే.

శరణులు బోధించిన దాసోహము పొందినదానిని పంచుకొనుమనుచున్నది. అడవి గాలిని, నీడను, నిశ్శబ్దమును ఇచ్చుచున్నది. అతిథి తిరిగి ఈయగలిగినది స్వల్పమే. తెచ్చిన చెత్తను తానే మోసికొని పోవుట, పాటలపెట్టె మ్రోగింపకుండుట, కోయ స్త్రీ అమ్ము తేనెకు బేరమాడక న్యాయమైన వెల ఇచ్చుట మొదలైనవి అట్టివి. తల్లిదండ్రులు ఈ నడవడి చూపినచో పిల్లలకు వేరు బోధ అక్కరలేదు. అడవికి పోవుడు, ఆనందింపుడు. కాని తమ వెనుక వచ్చు దుప్పి నిర్భయముగా నీరు త్రాగునట్లు ఆ రేవును విడిచి రండు.