మాంత్రికుని బొమ్మ

కాశీమజిలీ కథనుండి కె.వి. రెడ్డిగారు 1951లో తీసిన ‘పాతాళభైరవి’ని నీవును చూచియుందువు. నందిగామనుండి జగ్గయ్యపేటకు పోవు బస్సులో ఒక తల్లి, “అయ్యగారూ, పిల్లవాడు జడుసుకొంటాడేమో, ఆ సినిమా చూపించవచ్చునా?” అని నన్నడిగెను.

ఎస్.వి. రంగారావుగారి మాంత్రికుని చూచి జడియని పిల్లలు తక్కువే. అయితే నన్ను కలతపెట్టినవాడు తోటరాముడు. సాహసియైన యువకుని బలియిచ్చి, కోరినదెల్ల ఇచ్చు బొమ్మను సంపాదింపవలెనని మాంత్రికుని పన్నాగము. రాముడు అది తెలిసికొని వానినే బలియిచ్చెను. ప్రాణము కాపాడుకొనుట తప్పని నేననను. కాని బొమ్మను ఆ గుహలోనే విడిచి రాలేదే! నెత్తుటి వెలకు వచ్చిన దానినే మేడ అడిగెను. పాపము, పేదవాడు, ధనము తెచ్చిననే పిల్లనిత్తునని రాజు పట్టుపట్టెను. మనమందరము చప్పట్లు కొట్టితిమి. నేనును కొట్టితిని.

తరువాత శిష్యుడు మాంత్రికుని బ్రదికించెను. బొమ్మ వాని చేతికి చిక్కెను. రాముని మాట విన్నట్లే అది వాని మాటయు వినెను. రాజకుమార్తె వాని చెరలో పడెను.

“చూపించమ్మా,” అంటిని. “చూచిన పిమ్మట, ఆ బొమ్మ నీకు దొరికితే ఏమి చేస్తావురా అని వానినడుగు.”

ఆమె కొంతసేపు కిటికీలోనుండి చూచి, “వాడు నన్నే తిరిగి అడిగితేనో, అయ్యగారూ?” అనెను.