కొట్టుట వేరు, కాపాడుట వేరు

ధ్యానించవలసిన భాగములు: 2 రాజులు 6:8-23, సామెతలు 24:11, 12, ద్వితీయోపదేశకాండము 20:19



దమస్కు పట్టణము పేరు మన సంఘములలో తెలియనివారు లేరు. సౌలు చూపు కోల్పోయి, ఒకరి చేయి పట్టుకొని ప్రవేశించిన పట్టణమది. ఆ పట్టణము చుట్టును గూతా అను తోటల సీమ కలదు. మన చాట్రాయి, నూజివీడు ప్రాంతములు మామిడికి పేరొందినట్లే ఆ సీమ బరదా నది నీటితో పెరిగిన పండ్లతోటలకు పేరొందినది. 2013వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీ తెల్లవారుజామున ఆ సీమలోని ఊళ్లమీద విషవాయువు నింపిన రాకెట్లు పడినవి. చనిపోయినవారు 1,429 మంది అనియు, వారిలో 426 మంది పిల్లలనియు అమెరికా ప్రభుత్వము చెప్పెను. ఇతరులు అంతకు తక్కువగా లెక్కించిరి. ఏ లెక్క తీసికొన్నను వందలమంది ఒక్క రాత్రిలో ఊపిరాడక ప్రాణము విడిచిరన్నది నిజము.

సారిన్ అను ఆ విషము మన రైతులకు బొత్తిగా అన్యమైనది కాదు. 1938లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు పురుగుమందు కొరకు వెదకుచు దానిని కనుగొనిరి. మన తోటలలోను, చేలలోను కొట్టిన కొన్ని పురుగుమందులు దానికి దూరపు బంధువులే. మందు కొట్టుచు గాలికి ఎదురుగా నిలిచిన కూలివానికి నోట నురుగు వచ్చుట, కంటిపాప కుంచించుకొనిపోవుట, ఊపిరి అందకపోవుట మన పల్లెలు ఎరుగును. అట్టివానికి ఆసుపత్రిలో ఇచ్చు అట్రోపిన్ సూదిమందునే గూతా వైద్యులును రోగులకు ఇచ్చిరి. అయితే మనయొద్ద అది పొరపాటున కలుగు కీడు. అక్కడ నిద్రించు పిల్లలమీద తెలిసి తెలిసి కుమ్మరింపబడినది. ఆ వాయువు గాలికంటె బరువైనది గనుక క్రిందికి దిగును. ఫిరంగి గుండ్లకు భయపడి నేలమాళిగలలో దాగినవారినే అది వెదకి పట్టుకొనెను.

అప్పుడు లోకమంతట ఒక ప్రశ్న పుట్టినది: బలముగల దేశములు అక్కడికి సైన్యమును పంపి, ఈ పని చేసినవారిని కొట్టవలెనా, ఊరకుండవలెనా? బ్రిటిషు కామన్స్ సభ ఆగస్టు 29న దీనిని చర్చించి, 272 ఓట్లకు 285 ఓట్లతో సైనిక చర్యను త్రోసిపుచ్చెను. పదమూడు ఓట్లు మాత్రమే తేడా. ఐక్యరాజ్య సమితి అనుమతి లేని దాడికి మన భారత ప్రభుత్వము సమ్మతింపలేదు. సెప్టెంబరు 16న సమితి పరిశోధకులు సారిన్ వాడబడినదని తేల్చిరి. ఎవరు వాడిరో చెప్పుట వారికి అప్పగింపబడిన పని కాదు. సిరియా ప్రభుత్వము మాత్రము నేరము తనది కాదనెను.

ఇది పెద్ద దేశముల సంగతి, పల్లె సంఘములకు దీనితో పనియేమి అని కొందరు అనుకొందురు. కాని పొరుగువాడు నలుగగొట్టబడుచుండగా నా చేతి కఱ్ఱ ఎందుకున్నది అను ప్రశ్న ప్రతి ఊరిలోను ఉన్నది. దానినే రాజ్యములు పెద్ద కొలతలో అడుగుచున్నవి.

ఇరుపక్షముల మాటలోను న్యాయము కలదు. కొట్టవలెనన్నవారికి సామెతల గ్రంథము అండగా నిలుచును. చావునకు ఈడ్వబడువారిని తప్పింపుమనియు, మాకు తెలియదను సాకు దేవునియెదుట చెల్లదనియు జ్ఞాని బోధించెను. 1988లో ఇరాకులోని హలాబ్జా పట్టణములో కుర్దు జనులు వేలకొలది విషవాయువుచేత చచ్చినప్పుడు బలవంతులైన దేశములు నేరస్థుని ఆపలేదు. ఆ మౌనము నిర్దోషమని ఎవరు చెప్పగలరు? వద్దన్నవారు ఇరాకునే చూపిరి. అక్కడ దాచిన మహా మారణాయుధములు కలవని చెప్పి 2003లో యుద్ధము చేసిరి. ఆ ఆయుధములు దొరకలేదు. యుద్ధము మాత్రము అనేక సంవత్సరములు ఆ దేశమును కాల్చెను.

తరువాత జరిగినది మనకు తెలియును గనుక రెండు మార్గములను తూచి చూడవచ్చును. 2013లో దాడి జరుగలేదు. అమెరికా, రష్యాల ఒడంబడికవలన సిరియా రసాయన ఆయుధముల నిషేధపు ఒప్పందములో చేరి, తాను ఒప్పుకొనిన సుమారు 1,300 టన్నుల రసాయనములను అప్పగించెను. చివరి భాగము 2014 జూనులో దేశము దాటెను. ఒక బాంబు వేయకయే ఇంత విషము తొలగుట సామాన్యమైన మేలు కాదు. అయినను అంతయు తొలగలేదు. 2017 ఏప్రిలు 4న ఖాన్ షేఖూను అను ఊరిలో మరల సారిన్ పడెను. మూడు దినములకు అమెరికా 59 క్షిపణులతో ఒక విమానస్థావరమును కొట్టెను. సంవత్సరము తిరిగీ తిరుగకముందే, 2018 ఏప్రిలు 7న, గూతాలోని దూమా పట్టణమున క్లోరిన్ వాయువుచేత అనేకులు మరణించిరి. వారము దినములలో అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు దేశములు మూడు చోట్ల క్షిపణులు వేసినవి. ఒప్పందము విషమును పూర్తిగా ఆపలేదు, క్షిపణులును ఆపలేదు.

ఇంకొక సంగతి మన మనస్సాక్షిని మరింత గుచ్చవలెను. గూతాను సైన్యము 2013 మొదలు 2018 వరకు, సుమారు ఐదేండ్లు, ముట్టడించి యుంచెను. రొట్టెయు మందులును లోపలికి పోనీయలేదు. వంటచెరకు లేక జనులు తాము పెంచిన పండ్లచెట్లనే నరికికొనిరి. పట్టణమును ముట్టడించునప్పుడు ఫలవృక్షములను నరకరాదని మోషే ధర్మశాస్త్రము శత్రువుల చెట్లమీదనైనను కనికరము చూపెను. మామిడిచెట్టును బిడ్డవలె పెంచు మనకు ఆ ఆజ్ఞయొక్క లోతు తెలియును. అయితే ఆ ఆకలి గురించి ఏ సభలోను అంత వేడిగా ఓట్లు పడలేదు. విషవాయువు పడిన దినమున మేల్కొని, రొట్టె ఆగిన దినములలో నిద్రించు మనస్సాక్షి సగము మనస్సాక్షియే. కొట్టుటను గూర్చిన తర్కము పెద్దదైనకొలది కాపాడుటను గూర్చిన మాట చిన్నదైనది.

ఎలీషా కాలమున ఇదే సిరియా సైన్యము దోతానులో అతని పట్టుకొనవచ్చెను. దేవుడు వారికి చూపు మందగింపజేయగా, ప్రవక్త వారిని షోమ్రోను నడుమకు నడిపించెను. శత్రువులు చేతిలో పడగానే ఇశ్రాయేలు రాజు, వీరిని కొట్టవచ్చునా అని ఆత్రముగా అడిగెను. ఎలీషా వద్దనెను, భోజనము పెట్టి పంపుమనెను. గొప్ప విందు చేసి పంపగా ఆ దోపిడిమూకలు మరల ఆ దేశములోనికి రాలేదని వ్రాయబడినది. నిజమే, ఆ వెనుక వచనములోనే బెన్హదదు షోమ్రోనును ముట్టడించుట కనబడును. ఒక విందు యుద్ధములన్నిటిని మాన్పునని గ్రంథము మనకు ఆశపెట్టదు. రాజు అడిగిన ప్రశ్న ఒక్కటే కాదనియు, దాని ప్రక్కన మరియొక మార్గము ఉండవచ్చుననియు అది చూపుచున్నది.

మన ఎల్లకు అవతల జరిగినదియు ఇదే పాఠము చెప్పును. అప్పటి కృష్ణా జిల్లాకు పొరుగున నిజాము రాజ్యముండెను. రజాకారుల దౌర్జన్యమునకు తాళలేక అనేక కుటుంబములు ఎల్ల దాటి మన వైపు ఊళ్లలో తలదాచుకొనినవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము షోలాపురము వైపునుండియు, విజయవాడ వైపునుండియు ప్రవేశించెను. అది పరదేశముమీది దండయాత్రయా, ఇంటి పోలీసు చర్యయా అన్న వాదము అప్పుడే కలదు. 17వ తేదీకి నిజాము లొంగిపోయెను. రజాకారుల పీడ విరిగెను. తమ ఇంటికి తిరిగి వెళ్లగలిగిన బీదవాడు దానిని కీడు అనడు, మనమును అనము.

అయితే ఆ విజయము వెనుకనే, మరాఠ్వాడా, బీదరు, గుల్బర్గా ప్రాంతములలో నిరపరాధులైన ముస్లిములు పెక్కుమంది చంపబడిరి. నెహ్రూ ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ బృందము తక్కువలో తక్కువగా 27 వేలనుండి 40 వేలమంది మరణించిరని అంచనా వేసెను. ఆ నివేదిక ఎన్నో ఏండ్లు ప్రజల చేతికి రాలేదు. అందులోనే ఒక వెలుగు కూడ ఉన్నది. ఒకచోట హిందూ నేతగాండ్రు తమతో మగ్గము నేయు ముస్లిము నేతగాండ్రను అల్లరిమూకనుండి కాపాడిరనియు, అట్టి ప్రయత్నములలో తమ ప్రాణములను సైతము పోగొట్టుకొనిరనియు అది తెలుపుచున్నది. సైన్యము ఐదు దినములలో జయించినది. కాపాడు పని మాత్రము ఆ తరువాతనే మొదలైనది. దానిని చేసినవారు పేరులేని మగ్గపువారు.

కాబట్టి బలము ఎన్నడును వాడరాదని మనము చెప్పుట లేదు. కీడు చేయువానిని అడ్డగించుటకు అధికారికి ఖడ్గము ఇయ్యబడినదని పౌలు రోమీయులకు వ్రాసెను. కాని ఆ ఖడ్గమును ఎత్తుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుట క్రైస్తవుని ధర్మము. ఈ దెబ్బవలన బ్రదుకువారు ఎవరు? పడిపోయినవారియొద్ద దెబ్బ తరువాత నిలిచియుండువారు ఎవరు? రేపు ఆ నేరస్థుని జాతివారికి, మతమువారికి కీడు కలుగకుండ కావలి కాయువారు ఎవరు? ఈ మూడింటికి జవాబు లేని దెబ్బ మన కోపమునకు శాంతి ఇచ్చునేగాని వారి గాయమునకు కట్టు కట్టదు. అట్లే దాడి వద్దని చేతులు కడుగుకొని, రొట్టెను, మందును, ఆశ్రయమును పంపనివాడును ఆ మూడు ప్రశ్నల యెదుట నిలువజాలడు. పిలాతు కూడ చేతులు కడుగుకొనెను.

మన దేశము తనయొద్దనున్న రసాయన ఆయుధములను 1997లో ఒప్పుకొని, 2009 నాటికి నిశ్శేషముగా నాశనము చేసెనని మన పిల్లలకు చెప్పుదము. ఒక దేశము తన చేతిలోని విషమును తానే పారవేయుట సాధ్యమని వారు ఎరుగవలెను. క్షిపణులు ఎగురు బొమ్మలు టీవీలోను, ఫోనులోను వచ్చినప్పుడు ఆటపందెము చూచినట్లు చప్పట్లు కొట్టకుందము. ఎక్కడో ఒకడు చేసిన ఘోరమునకు మన వీధిలోని ముస్లిము అంగడివానిని అనుమానపు చూపు చూడకుందము. ఊరి తగవులో మనవాడు దెబ్బ తిన్నాడని వినినప్పుడు కఱ్ఱలు వెదకుటకు ముందు అతనిని ఆసుపత్రికి తీసికొనిపోవువారెవరో చూతము.

2024 డిసెంబరులో దమస్కులోని ఆ పాత ప్రభుత్వము కూలిపోయెను. గూతా తోటలు తిరిగి నాటవలసియున్నవి. మామిడి అంటు నాటినవాడు కాపు కొరకు ఏండ్లు కాచుకొనునని మనకు తెలియును. నరకుటకు ఒక ఉదయము చాలును. ఈ నెల ప్రార్థన కూటములలో ఆ తోటల సీమను, అక్కడ బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులను, కొట్టుదమా కాపాడుదమా అని తర్కించు అధికారులను పేరుపేరున దేవుని సన్నిధికి తెచ్చెదము గాక.