చూసిన తర్వాత

ఎదుటి మనిషి కంటిపాప ఎందుకు నల్లగా ఉంటుందో చాలాకాలం ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. లోపల చీకటి కాబట్టి నలుపు అనుకుంటే సరిపోయేది. కానీ లోపల అంత చీకటేమీ లేదు. కంట్లోకి వెళ్లిన వెలుగులో కొంత వెనకనున్న రెటీనా పొరను తాకి, వెళ్లిన దారినే బయటికి వస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ వెలుగు ఏ దీపం నుంచి వచ్చిందో ఆ దీపం వైపే తిరిగి పోతుంది. దాన్ని అందుకోవాలంటే మన కన్ను దీపం ఉన్నచోటే ఉండాలి. అక్కడ తల పెడితే దీపానికి అడ్డం. బావిలోకి తొంగిచూసేవాడికి తన నీడే నీళ్లను కప్పేసినట్టు, చూడాలని వంగినవాడే తన చూపుకు అడ్డమవుతాడు.

1850 చివర్లో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ అనే 29 ఏళ్ల అధ్యాపకుడు విద్యార్థులకు పాఠం చెప్పడానికి సిద్ధమవుతూ ఈ ముడి విప్పాడు. దీపాన్ని పక్కన పెట్టి, మధ్యలో పలుచని గాజు పలకలను ఏటవాలుగా నిలిపాడు. గాజు దీపం వెలుగును కంట్లోకి మళ్లిస్తుంది. తిరిగొచ్చే వెలుగులో కొంత ఆ గాజులోంచే నేరుగా చూసేవాడికి చేరుతుంది. అట్ట, కళ్లజోడు అద్దాలు, మైక్రోస్కోపులో వాడే పలుచని గాజు ముక్కలు, ఇవీ ఆయన సామగ్రి. బతికున్న మనిషి రెటీనాను, దాని మీది రక్తనాళాలను అలా చూడగలిగాడు. 1851లో ఆ సాధనం గురించి పుస్తకం అచ్చువేశాడు. కోతా కుట్టూ లేకుండా మనిషి రక్తనాళాలను, నరాన్ని నేరుగా చూడగలిగే చోటు ఒంట్లో అదొక్కటే.

దీనికి మూడు నాలుగేళ్ల ముందే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్, అదే, లెక్కల యంత్రాల బాబేజ్, దాదాపు ఇలాంటి సాధనమే చేసి ఒక కంటి వైద్యుడికి చూపించాడు. ఆ వైద్యుడికి దాని విలువ తోచలేదు. బాబేజ్ కూడా వెంటపడలేదు. సాధనం ఉంది, కన్ను ఉంది, చూడబోయిన మనిషీ ఉన్నాడు. చూపు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఈ రెండు కథల్లో నన్ను ఎక్కువ పట్టేది హెల్మ్‌హోల్ట్స్ కథ కాదు, ఇదే.

ఇప్పుడు ఆ గాజు పలకల పని జేబులో ఉన్న సెల్‌ఫోన్ చేస్తోంది. ఫోన్ వెనక కెమెరా, దాని పక్కనే అంటుకున్నట్టు ఫ్లాష్ దీపం. వెలుగు బయల్దేరే చోటూ, తిరిగొచ్చిన వెలుగును పట్టే చోటూ ఎంత దగ్గరగా ఉంటే కంటి లోపల అంత బాగా కనిపిస్తుంది. పాత పెళ్లి ఆల్బమ్‌లలో అందరి కళ్లూ ఎర్రగా మెరుస్తూ ఉంటాయే, అది దిష్టీ కాదు, ఫిల్ము దోషమూ కాదు. ఫ్లాష్ కెమెరా కటకానికి మరీ దగ్గరగా ఉండటంవల్ల, రక్తంతో నిండిన కంటి వెనక పొర ఫొటోలో పడింది. ఫొటోగ్రాఫరు తెలియకుండానే మనందరి కళ్లూ పరీక్ష చేసి, తప్పుగా వచ్చిందని బాధపడ్డాడన్నమాట. (చిన్నపిల్లల ఫొటోల్లో మాత్రం ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే నవ్వి ఊరుకోకూడదు. కంట్లో కణితి ఉన్నా అలా మెరవొచ్చు. వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.)

ఫోన్‌తో కన్ను చూడటానికి దారులు చాలానే వచ్చాయి. బాగా చవకైనది ఇది: చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు, ఒక చేత్తో ఇరవై డయాప్టర్ల భూతద్దాన్ని కంటి ముందు పట్టుకుంటారు, రెండో చేత్తో ఫోన్‌ను వెనక్కి జరిపి వీడియో తీస్తారు. రెటీనా బొమ్మ అద్దానికీ ఫోన్‌కూ మధ్య గాలిలో ఏర్పడుతుంది, అదీ తలకిందులుగా, ఎడమ కుడిగా. మొదట్లో చేతులు మాట వినవు. అద్దం కాస్త వాలితే మెరుపు తప్ప ఏమీ కనబడదు. ఈ చేతి తిప్పలు తగ్గించడానికే అద్దాన్నీ ఫోన్‌నూ సరైన దూరంలో పట్టి ఉంచే చట్రాలు పుట్టాయి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన సృజన కేంద్రం అలాంటిది ఒకటి తయారుచేసి, త్రీడీ ప్రింటర్ ఉన్న ఎవరైనా చేసుకునేట్టు దాని నమూనాను అందరికీ ఇచ్చేసింది. బెంగళూరులో రెమిడియో అనే సంస్థ ఫోన్ చుట్టూ పూర్తి రెటీనా కెమెరానే కట్టింది. చెన్నైలో షుగర్ వైద్యులు దాన్ని ఆస్పత్రిలోని పెద్ద కెమెరాతో పక్కపక్కన పెట్టి పోల్చి, 2015లో ఫలితాలు ప్రచురించారు. చిన్నది బాగానే నిలబడింది. కంట్లో శుక్లం ముదిరి ఉంటే మాత్రం ఏ ఫోనైనా మంచులోంచి చూసినంతే చూస్తుంది.

మా పెద్దమ్మకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు వేళకి వేసుకుంటుంది; పాదాలకు కొబ్బరినూనె రాస్తుంది; అన్నం ఒక పూటే తింటుంది. కళ్లు మాత్రం చూపించుకోదు. వీధి చివర శిబిరం పెట్టి ఫోన్‌తోనే చూస్తున్నారు, పైసా ఖర్చులేదు, వెళ్దామంటే ఆవిడ చెప్పిన జవాబు ఇంతే: "కనబడుతూనే ఉంది కదరా, మళ్లీ చూడటం దేనికి?"

ఇందులో తర్కం లేదని అనలేను. కాలు నొప్పయితే కాలు చూపిస్తాం. పన్ను సలిపితే పన్ను చూపిస్తాం. మన ఒంటితో మనం మాట్లాడే భాష నొప్పి. షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు ఆ భాష మాట్లాడదు. సన్న రక్తనాళాలు అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బుతాయి, కొద్దికొద్దిగా కారతాయి, పసుపు మరకలు పేరుకుంటాయి. అప్పటికీ పేపరు చదవొచ్చు, సూదిలో దారం ఎక్కించొచ్చు. ఆ తర్వాత రక్తం చాలని చోట్ల పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లిన రోజున కంటి ముందు నల్లటి తెర దిగుతుంది. లేజర్, కంట్లో వేసే ఇంజెక్షన్లు ఎక్కువగా ఉన్న చూపును కాపాడతాయి. పోయినదాన్ని తెచ్చిపెట్టడం వాటి చేతిలో అంతగా లేదు. అందుకే షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలంటారు. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. అంతమందికీ ప్రతి ఏడాదీ కంటి డాక్టరు ముందు కూర్చునే వీలు లేదు. ఫోన్ కెమెరా అవసరం అక్కడ వచ్చింది. నర్సో, శిక్షణ పొందిన కుర్రాడో ఫొటో తీస్తాడు. జబ్బు ఉందో లేదో ఫోన్‌లోని ప్రోగ్రామే ఇంటర్నెట్ లేకుండా ఓ మాట చెప్పగలుగుతోంది.

అయినా పెద్దమ్మ వెళ్లలేదు. చాలా రోజులకు, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, అసలు మాట చెప్పింది. ఉందంటే ఏం చెయ్యాలి? కంట్లో సూది వేస్తారట. నెలనెలా పట్నం వెళ్లాలట. ఎవరు తీసుకెళ్తారు? చిన్నాడికి సెలవు దొరకదు. తెలియకపోతే ఈ గొడవేదీ లేదు.

ఇది అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లు ఇలాంటి ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదనుకుంటాను. ఆవిడ భయం జబ్బంటే కాదు. తెలిసిన తర్వాత మీద పడే పనంటే భయం. ఏ విషయమైనా తెలుసుకున్న క్షణం నుంచీ దాని బాధ్యత మనదవుతుంది. అల్లుడి అప్పులు, పక్కింటి కలహం, మన రక్తపోటు, దేన్నయినా చూడకుండా ఉండగలిగినన్నాళ్లూ ఒక రకమైన హాయి ఉంది. ఆ హాయి అబద్ధమని అనను. అది అప్పు మీద తెచ్చుకున్న హాయి అంటాను, అంతే.

కెన్యాలో జరిగిన పని ఒకటి ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. ఆండ్రూ బస్తావ్రస్ అనే కంటి డాక్టరు నకూరు ప్రాంతంలో కంటి జబ్బుల సర్వే చేశాడు. బరువైన, ఖరీదైన యంత్రాలను వ్యాన్లలో వేసుకుని ఊరూరా తిరిగితే, కొన్ని ఊళ్లకు రోడ్డు లేదు, కరెంటు లేదు, సెల్‌ఫోన్ సిగ్నల్ మాత్రం ఉంది. అక్కడి నుంచే పీక్ అనే పేరుతో ఫోన్ సాధనాలు వచ్చాయి. ఫోన్‌కు తగిలించి రెటీనా చూసే చిన్న పరికరం ఒకటి. చూపు కొలిచే యాప్ ఇంకొకటి; తెర మీద ఇంగ్లిషు E అక్షరం నాలుగు దిక్కులకూ తిరుగుతుంది, చదువు రానివాళ్లు కూడా అది ఎటు తిరిగితే అటు చెయ్యి చూపిస్తే చాలు. పరీక్షించే మనిషికి తెర కనబడనక్కర్లేదు. ఎదుటివాళ్లు చూపిన వైపుకు వేలితో జరుపుతాడు. కాబట్టి పాపం పోనీలే అని మార్కులు కలిపే వీల్లేదు. ఈ చిన్న ఏర్పాటు నాకు ముచ్చటేసింది.

ఆ యాప్‌తో కెన్యాలోనే ట్రాన్స్ న్జోయా కౌంటీలో యాభై బడుల్లో ఒక ప్రయోగం చేశారు. సగం బడుల్లో మామూలు చార్టుతో చూపు పరీక్ష, చూపు తక్కువైతే ఆస్పత్రికి వెళ్లమని కాగితం. తక్కిన సగంలో ఫోన్‌తో పరీక్ష. దానితో పాటు, ఆ పిల్లకు నల్లబల్ల ఎంత మసగ్గా కనబడుతోందో అలాగే మసకబార్చి అచ్చువేసిన బొమ్మను ఇంటికి పంపారు. తల్లిదండ్రులకు ఫోన్‌లో సందేశాలు పంపుతూ గుర్తుచేశారు. 2018లో ఫలితాలు ప్రచురించారు. కాగితం ఇచ్చిన పిల్లల్లో ఆస్పత్రికి చేరినవాళ్లు 22 శాతం. రెండో వైపు 54 శాతం.

పెరిగింది నిజమే, రెట్టింపు దాటింది. నా కళ్లు మాత్రం మిగిలిన 46 మీద ఆగాయి. బొమ్మ పంపినా, పదేపదే గుర్తుచేసినా రానివాళ్లు. వాళ్ల ఇళ్లు నేను చూడలేదు. ఆ కొండల మధ్య కారణాలేమిటో ఊహించి చెప్పే సాహసం చెయ్యను. మన ఊళ్లలో అయితే ఏమంటారో తెలుసు. కోతలు అయ్యాక. పిల్ల పెళ్లి అయ్యాక. పండగ వెళ్లనీ. ఒక్క కూలి పోతుంది కదా. తోడు ఎవరు?

కాబట్టి ఆ మొత్తం ఏర్పాటులో నేను దండం పెట్టేది కటకానికి కాదు, గుర్తుచేసే ఆ సందేశానికి. చూడటం ఇప్పుడు చవకైంది. జేబులో పట్టేంత, మోపెడ్ మీద తీసుకెళ్లేంత చవకైంది. చూసినదాని వెంట నడవడం మాత్రం పాత ధరకే దొరుకుతోంది: ఒక రోజు పని, బస్సు ఛార్జీలు, ఒక మనిషి తోడు, కాస్త ధైర్యం. ఈ లెక్క పీక్ వాళ్లకూ తెలిసినట్టుంది. ఇప్పుడు వాళ్లు ఎక్కువ శ్రమపడేది పరీక్షకూ చికిత్సకూ మధ్య దారిలో ఎవరు ఎక్కడ జారిపోతున్నారో కనిపెట్టడానికే. మెరిసే పరికరం చేతిలో పట్టుకుని ఫొటో దిగినవాళ్లు, దాన్ని పక్కన పెట్టి హాజరు పట్టీలు సరిచూసుకోవడం చిన్న విషయం కాదు.

ఈ కటకం ఇంకో వైపుకు కూడా తెరుచుకుంటోంది. రెటీనా ఫొటో ఒక్కటి చూసి ఆ మనిషి ఆడో మగో, వయసెంతో, పొగ తాగుతాడో లేదో, రక్తపోటు ఏపాటిదో అంచనా వేసే ప్రోగ్రామును గూగుల్ పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఎన్నేళ్లుగానో రెటీనాలు చూస్తున్న డాక్టర్లకు ఆడా మగా తేడా అందులో కనబడదు, యంత్రానికి కనబడింది. మనకు మనం చెప్పుకోనివి కూడా కంటి వెనక రాసి ఉన్నాయంటే పెద్దమ్మ భయం నాకూ కొంచెం అంటుకుంటుంది. రేపు ఎవరో అడక్కుండానే చదివి చెబితే, ఎంతవరకు వినాలి? చెప్పినదాని వెంట వెళ్లే తోడు లేనప్పుడు, అన్నీ చెప్పేయడం దయేనా? నాకు తోచినంతవరకు, ఫలితం చెప్పే మనిషే తర్వాత ఎక్కడికి, ఎప్పుడు, ఎవరితో వెళ్లాలో కూడా చెప్పగలిగితేనే చూడటం న్యాయం. అది చెప్పలేని శిబిరం జనాన్ని భయపెట్టి ఇంటికి పంపే శిబిరం.

పెద్దమ్మ చివరికి వెళ్లింది. నా మాట విని కాదు. పక్కింటావిడకు కూడా షుగరే. ఆవిడ "ఒక్కదాన్నీ వెళ్లలేనండీ, కాస్త తోడొస్తారా" అని అడిగింది. తోడు అడిగితే కాదనడం పెద్దమ్మకు చేతకాదు. తీరా వెళ్లాక, వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు కదా అని ఇద్దరికీ చుక్కల మందు వేసేశారు. ఆ మందు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరివి కనబడవు, ఎండ పొడుస్తుంది. బస్టాండులో ఇద్దరూ ఒకే ఫోన్‌ను ముఖానికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసినా చిన్నాడి నంబరు ఏదో తేలక, పక్కన నిలబడ్డ కాలేజీ అబ్బాయి చేత ఫోన్ చేయించుకున్నారు. పెద్దమ్మ రెటీనాలో ప్రస్తుతానికి ఏమీ లేదట, ఏడాది తర్వాత రమ్మన్నారు. పక్కింటావిడకు లేజర్ అవసరమవుతుందేమో చూడాలి, వచ్చే బుధవారం జిల్లా ఆస్పత్రికి రమ్మని చీటీ రాసిచ్చారు. బుధవారం నాటికి చిక్కుడు పాదు పని అయిపోతుందిలే, తానూ వెళ్తానంది పెద్దమ్మ.