వెనక గీత మీది పిల్లాడు

తెనాలి



మీ హైస్కూలు బ్యాండులో సూసాఫోన్ల వరసకి నిన్ను లీడర్ని చేశారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆ వెంటనే నువ్వు ఫోనందుకుని, కొత్తగా తొమ్మిదో క్లాసులో చేరిన పిల్లాడొకడు రోజూ తాళం తప్పుతున్నాడనీ, అందరి ముందూ వాణ్ణి కడిగేశాననీ గొప్పగా చెప్పావు. అది నాకు నచ్చలేదు. ఫోన్లో అయితే సగంలో నీకు ఇంకో పిలుపొస్తుంది, అందుకని రాస్తున్నాను. అమ్మ చేత చదివించుకోకుండా కూడబలుక్కుని నువ్వే చదువుకో.

ముందు లెక్క చూద్దాం, ఫిజిక్సు టీచరు నోరు ఊరుకోదు కదా. మీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే సుమారు 49 మీటర్లు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. ముందు గీత దగ్గర మరింబా మోగితే, వెనక గీత మీదున్నవాడి చెవిన పడేసరికే సెకనులో ఏడో వంతు అయిపోతుంది. వాడు విన్నదానితో సరిగ్గా కలిపి ఊదాడే అనుకో, ఆ ఊదింది ముందుకి రావడానికి ఇంకో ఏడో వంతు. నిమిషానికి 160 బీట్ల పాటలో, గ్యాలరీలో కూర్చున్నవాళ్లకి వాడు ముప్పాతిక బీటు వెనకబడ్డట్టే వినిపిస్తాడు. శ్రద్ధగా వినే పిల్లాడే ఎక్కువ తప్పుతాడన్నమాట! అందుకే వెనకవాళ్లు చెవులు కట్టిపెట్టి, తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూడాలి, ముందున్న మరింబాలవాళ్లు వెనకనించి వచ్చే డ్రమ్ములు వినాలి. ఈ సంగతి ఆ పిల్లాడికి ఎవరైనా విడమరిచి చెప్పారా? వాడు నిలబడే చోట నువ్వొకసారి నిలబడి చూశావా?

కిందటేడు ఆగస్టులో నేను టెక్సస్‌లో మీ దగ్గరున్నప్పుడు, బ్యాండు తల్లులతో కూర్చుని మీ ప్యాంటుల అంచులు కుట్టేదాన్ని, గుర్తుందిగా. తారు కాలుతుంటే పార్కింగు స్థలంలో గీతలు గీసుకుని, అయిదు గజాలకి ఎనిమిది అంగల చొప్పున, అంటే అంగకి ఇరవై రెండున్నర అంగుళాలు, మెట్రొనోము టకటకకి పాదాలు వేసేవాళ్లు మీరు. నేను మాత్రం మీ డైరెక్టర్ గారినే చూస్తుండేదాన్ని. ఆయనకి సంగీతం చెప్పే తీరికెక్కడిదీ? బస్సులు, మంచినీళ్లు, ఫీజు కట్టలేనివాళ్ల సంగతి, ఏ క్షణాన ఏ పిల్ల ఏ చుక్క మీదుండాలో చెప్పే పటాలు, అన్నీ ఆయన నెత్తినే. ఓ పూట ఒక ట్రంపెట్ కుర్రాడి వాల్వు బిగుసుకుపోయింది. నూనె వేసుకోమని ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఆయన ఒక్క మాటా అనకుండా మూత తిప్పి, వాల్వు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు వేసి, మళ్లీ దాని గాడిలో కూర్చోబెట్టి చేతికిచ్చారు. మర్నాటినించి ఆ కుర్రాడి జేబులో నూనె సీసా ఉంది.

నీకూ ఆ దారే చెబుతున్నాను. బడి జరిగే వారంలో, బడివేళలు పోను రిహార్సలుకి మీకు 8 గంటలే ఇస్తుంది టెక్సస్ నియమం. నువ్వు ఒకణ్ణి అయిదు నిమిషాలు కడుగుతుంటే పన్నెండుమంది చేతులు కట్టుకుని చూస్తే, గంట కాలం నీళ్లపాలు. చెప్పాల్సింది ఒక్కడికైతే ఆ ఒక్కడికే, పక్కకి పిలిచి చెప్పు.

ఇంకోటి. 1984లో వచ్చిన చట్టం ఒకటుంది మీకు: ఒక్క సబ్జెక్టులో 70కి తగ్గినా మూడు వారాలపాటు మైదానంలో ప్రదర్శనకి దిగనివ్వరు. ఆ పిల్లాడు ఆల్జీబ్రాలో తప్పితే, పోటీనాడు మీ వరసలో వాడి చుక్క ఖాళీగా ఉంటుంది, వాడి అడుగులన్నీ నేర్చుకుని ఇంకొకడు రాలేడు. కాబట్టి బస్సులో వాడి పక్కన కూర్చుని లెక్కలు ఎలా ఉన్నాయో అడుగు. లీడరంటే ఆ పనికూడా నీదే.

పోటీల పిచ్చి మాత్రం అక్కడ మరీ ఎక్కువని నా అభిప్రాయం. లారీల్లో వచ్చే సామాను చూస్తే, తెనాలి నాటకాలు చూసి పెరిగినదాన్ని నాకే కళ్లు తిరిగాయి. పోటీకని శాన్ ఆంటోనియోలో ఆ ఆలమోడోమ్ స్టేడియం దాకా వెళ్తే వెళ్లండి. జడ్జి వేసే మార్కుల కోసం నిద్ర చెడగొట్టుకోకు.

రేపు అందరికంటే ముందు వెళ్లు. వాణ్ణి వెంటబెట్టుకుని వెనక గీత మీద నిలబడు, ఎవరినైనా ముందునించి చప్పట్లు కొట్టమను, ఇద్దరూ వినండి. అందరి ముందూ అన్నావు కాబట్టి, ఆ మాటకి క్షమించమని అడిగేదీ అందరి ముందే.

నువ్వు పొడుగయ్యావట. నీ ప్యాంటు అంచులో ఒక మడత అదనంగా వదిలే కుట్టాను, అది విప్పించుకో. మీ అమ్మకి కుట్టు రాదు, యూనిఫారాల గదిలో పెద్దావిణ్ణి అడుగు.

మీ అమ్మమ్మ